మొద్దుకు పర్మిట్ ఉన్నది, మోసేటోనికి ఏమున్నది?

మొన్న ఫోన్ల ఒక రీల్ చూసిన. నలుగురు పోరగాండ్లు, కాళ్లకు హవాయి చెప్పులు, నడుముకు తువ్వాల. ట్రాక్టర్ మీదికి పెద్ద వేప మొద్దును భుజాలతోని నెట్టుతున్నరు. వెనుక సినిమా పాట, కింద కామెంట్లల్ల అన్నీ కండల గుర్తులే. మొద్దు సగం దాకా ఎక్కి ఒక్క క్షణం ఆగింది. అప్పుడు నా గుండె కూడా ఆగినంత పనైంది. వాండ్ల అదృష్టం, ఎక్కింది. వేలమంది ఆ రీల్‌కు లైక్ కొట్టిన్రు. ఆ నలుగురు నిలబడ్డ జాగ మాత్రం ఎవ్వరూ చూడలే. నలుగురు కూడా మొద్దు కింది వైపే ఉన్నరు. అది వెనక్కి దొర్లితే తప్పుకునే సందు ఒక్కనికి కూడా లేదు.

నాకు కనవడ్డదంటే దానికి కారణమున్నది. పదో తరగతి తప్పినంక నేను మూడేండ్లు ఒక సామిల్లుల పనిచేసిన. పెద్ద మిల్లు ఏం కాదు. ఒక పట్టీ రంపం, పట్టాల మీద చేత్తోని నెట్టే ట్రాలీ, పైన రేకులు, ఏడెనిమిది మందిమి. కరెంటు రంపానికే. మొద్దును లారీ మీదికెంచి దించుడు, కుప్ప వెట్టుడు, ట్రాలీ మీదికి ఎక్కిచ్చుడు, తిప్పుడు అంతా మనిషి రెక్కల మీదనే నడిచేది. ఇయ్యాల్టికి కూడా మన జిల్లాలల్ల చిన్న మిల్లులు చానా మటుకు గట్లనే నడుస్తున్నయి. అందరు రంపాన్ని చూసి భయపడతరు. రంపం చప్పుడు చేస్తది, చెయ్యి దగ్గరికి పోతే ఒళ్లు జలదరిస్తది, అందుకే దాని కాడ మనిషి పైలంగనే ఉంటడు. మొద్దు చప్పుడు చెయ్యది. సల్లగ పండుకొని ఉంటది. నేను చూసిన దెబ్బలల్ల ఎక్కువ మొద్దు తోనివే, రంపం తోనివి తక్కువ.

వరుసకు నాకు కాక అయ్యే మనిషి ఒకాయన అదే మిల్లుల నాకంటే ముందటి నుంచి పనిచేసేటోడు. పని నేర్పింది ఆయననే. 2003 వానకాలంల, ఒక పొద్దుమూకి ముందట, ఒక చింత మొద్దు ఆయన కుడిపాదం మీదికి దొర్లింది. అది ఎట్లయిందో తర్వాత చెప్త. ముందుగాల ఒక లెక్క చెప్త. ఈ లెక్క ఆ దినం మాకు తెలిసి ఉంటే ఆ పాదం ఉండేది.

సామిల్లుకు మొద్దు రాంగనే మొదలు చేసే పని కొలుచుడు. టేపు తీస్కొని మొద్దు నడుమ చుట్టుకొలత పడతరు. దాన్ని నాలుగుతోని భాగిస్తరు. వచ్చిందాన్ని దానితోనే గుణించి, పొడుగుతోని గుణించి, 144తోని భాగిస్తే సీఎఫ్‌టీ వస్తది. చుట్టుకొలత అంగుళాలల్ల, పొడుగు అడుగులల్ల పట్టాలె. ఇది మిల్లుల పనిచేసే ప్రతి పోరనికి తెలుసు, ఎందుకంటే పైసల లెక్క అంతా దాని మీదనే. ఆరడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడుగున్న మొద్దు తీస్కోండ్రి. 72ను నాలుగుతోని భాగిస్తే 18. పద్దెనిమిది పద్దెనిమిదులు 324. పది పెట్టి గుణించి 144తోని భాగిస్తే 22.5 సీఎఫ్‌టీ.

ఇంత వరకు ఓనర్ లెక్క. ఇప్పుడు కూలోల్ల లెక్క. ఆ 22.5ను 36తోని గుణించుండ్రి. 810 వస్తది. పచ్చి మొద్దు అయితే అది దాని బరువు, కిలోలల్ల. ఈ 36 యాడికెంచి వచ్చిందంటే, నాలుగో వంతు లెక్క మొద్దుల ఉన్న అసలు కట్టె కంటే తక్కువ చూపెడతది, అది యాపారం లెక్క. ఆ తక్కువను సరిజేసి, ఘనపుటడుగు నీళ్లు 28 కిలోల పైచిలుకు ఉంటయి కాబట్టి, రెండూ కలిపితే 36 అయితది. పచ్చి కట్టె కొంచెం అటు ఇటుగ నీళ్ల బరువే ఉంటది. ఎండిన టేకు అయితే దాంట్ల మూడింట రెండొంతులు అనుకోవచ్చు. పచ్చి చింత, పచ్చి తుమ్మ అయితే 36 కంటే ఎక్కువనే పడొచ్చు. నీళ్లల్ల ఏస్తే మునిగే కట్టెలవి.

ఒక్క గుణకారం తమ్మీ! మిల్లుల రోజుకు పదిసార్లు సీఎఫ్‌టీ కడతరు, పుస్తకంల రాస్తరు, బిల్లు కొడతరు. ఎంత బరువున్నది, ఎంతమంది పట్టాలె అని ఆ ఒక్క గుణకారం ఎవ్వరు చెయ్యరు. 810 కిలోలను నలుగురికి పంచితే మనిషికి 200 పైనే. ఐక్యరాజ్యసమితి కింద పనిచేసే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లనే ఒక సిఫారసు చేసింది. వయసుల ఉన్న మగ మనిషి ఒక్కడు మోసే బరువు 55 కిలోలు దాటితే, వీలైనంత జల్ది దాన్ని ఆ లెక్కకు తగ్గియ్యాలె అన్నది. మన వడ్ల బస్తాలు మోసే హమాలీలకు ఆ సంగతి చెప్తే నవ్వుతరు. మొద్దుల పనోల్లకు చెప్తే నవ్వు కూడా రాదు.

మొద్దును మొయ్యం గద, దొర్లిస్తం గద అంటరు. నిజమే. దొర్లిచ్చుట్లనే ఉన్నది అసలు కథ. సదునైన నేల మీద ఎనిమిది వందల కిలోల మొద్దును ఇద్దరు దొర్లియ్యొచ్చు. అదే మొద్దు వాలు మీదికి ఎక్కంగనే దాని గుణం మారుతది. అప్పుడు ఎవ్వలూ పట్టకపోతే అది ఆగది. గడ్డపార జారిన, బెరడు ఊడిన, ఒకనికి తుమ్ము వచ్చిన, కిందికే వస్తది. వానకాలం పచ్చి మొద్దుకు బెరడు అరటితొక్క లెక్కనే ఊడొస్తది.

మా కాకకు అయింది గదే. ట్రాలీకి రెండు దూలాలు వాలుగ ఆనిచ్చి, ముగ్గురు కింది నుంచి గడ్డపారలతోని ఎత్తుతున్నరు. నేను అవతల ట్రాలీ పట్టుకొని ఉన్న. నడుమ గడ్డపార బెరడు మీద పడ్డది. బెరడు ఊడింది, గడ్డపార ఎగిరింది, మొద్దు వెనక్కి మర్లింది. ఇద్దరు పక్కలకు దునికిన్రు. నడుమ ఉన్న కాకకు దునికే దిక్కు లేదు. చప్పుడు కూడా పెద్దగ రాలే.

ఇప్పుడు చెప్పేది మిల్లుల్ల పనిచేసే తమ్ముల్లు, ఊర్లల్ల చెట్లు కొట్టి ట్రాక్టర్లకు ఎక్కిచ్చే తమ్ముల్లు ఇంటే చాలు. కింది నుంచి నెట్టుడు బంద్ వెట్టి, పై నుంచి మోకుతోని గుంజుడు నేర్వుండ్రి. మన పాత వడ్లోల్లకు, బండి తోలేటోల్లకు ఇది ఎరికే, మిల్లుల తొందరల మరిచిపోయినం. ట్రాలీ చక్రాలకు రెండు దిక్కుల ఆపు చెక్కలు కొట్టాలె. దూలాలు కింద జారకుండ గుంజలు పాతాలె. ట్రాలీ అవతల గట్టి గుంజలో, కదలని రైలు ముక్కనో ఉండాలె. రెండు మోకుల ఒక్కో కొసను దానికి కట్టి, రెండో కొసను ట్రాలీ మీదికెంచి ఇవతలికి తెచ్చి, మొద్దు కిందికెంచి తీసి, మొద్దు మీదికెంచి మళ్ల అవతలికే తీస్కపోవాలె. గుంజేటోల్లు అవతల నిలబడతరు. మోకు మలుపుల మొద్దు తనంతట తానే దొర్లుకుంట ఎక్కుతది. మనిషనేటోడు మొద్దు కింది వైపు ఉండనే ఉండడు.

ఇండ్ల ఇంకో లాభమున్నది. మోకు ఒక కొస కట్టి ఉన్నందుకు గుంజే బలం సగమే పడతది. పదడుగుల దూలం, ట్రాలీ ఎత్తు రెండున్నర అడుగులు అనుకుంటే వాలుకు 810ల నాలుగో వంతు, అంటే 200 కిలోలు. మోకు మలుపుతోని అది 100 అయితది. నలుగురు గుంజితే మనిషికి పాతిక, రాపిడితోని ముప్పై అనుకోండ్రి. అదే మొద్దు, అదే నలుగురు. బాయిల నుంచి నీళ్లు చేదినంత పని.

దీన్ల కూడా మోసాలున్నయి. మొద్దుకు ఒక కొస లావు, ఇంకో కొస సన్నం. దొర్లుతుంటే లావు కొస ముందటికి పోతది, మొద్దు వంకర తిరుగుతది. అప్పుడు జోర్ చెయ్యొద్దు, ఆపాలె. ఆపు చెక్కలు మొద్దు కింద పెట్టేటోడు పక్క నుంచి, పొడుగు కట్టెతోని నూకాలె. చెయ్యి పెట్టొద్దు. ట్రాలీకి అవతలి అంచుల రెండు నిలువు ఇనుప ముక్కలు లేకపోతే మొద్దు ఎక్కినంక అదే జోరుల గుంజేటోల్ల మీదికి పోతది, అదొకటి ముందుగాలనే చూస్కోవాలె. మోకు పాతదైతే వద్దు. తెగిన మోకు కొరడా లెక్క కొడతది. ఇగ మాట ఒక్కడే చెప్పాలె. "జోర్ లగాకే" అని అందరు అరుస్తరు గని, "ఆగు" అనే మాట కూడా ఒక్క నోటి నుంచే రావాలె. అది ఇన్నంక ఎవ్వరూ "ఇంకొంచెం" అనొద్దు.

లారీ దించేటప్పుడు గొలుసు ఇప్పేటోడు మొద్దులు పడే దిక్కు నిలబడొద్దు, గొలుసు మీది భారం ఏ దిక్కు ఉన్నదో చూసినంకనే ఇప్పాలె. కుప్పల నుంచి మొద్దు తీస్తే పై నుంచే తియ్యాలె. సన్నదని, మంచిదని కింది దాన్ని గుంజితే పైవన్నీ దిగుతయి. గడ్డపారను ఎప్పుడు కూడా కాళ్ల నడుమ, గదువ కింద పెట్టుకొని ఒత్తొద్దు. పండ్లు ఊడిన ఇద్దరు నాకు తెలుసు. ఊరి కమ్మరికి చెప్తే పొడుగు కట్టెకు కదిలే కొక్కెం పెట్టి మొద్దు తిప్పే సామాను చేసిస్తడు, గడ్డపార కంటే నూరుపాల్లు నయం. మిల్లుల అయితే చైన్ పుల్లీ ఒకటుంటే సగం బాధ పోతది. టన్ను ఎత్తే చైన్ పుల్లీ, ఇయ్యాల మనం చేతుల పట్టుకున్న ఫోన్ కంటే ఎక్కువ ధర ఉండది. మరి ఎందుకు కొనరు?

ఈడికి వస్తే సంగతి మిల్లు గేటు దాటి హైదరాబాద్, ఢిల్లీ దాకా పోతది.

సామిల్లు అంటే సర్కారుకు తెలవని జాగ కాదు. 1969 నాటి సామిల్లుల నియమాలున్నయి. 1996 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసుల ఇచ్చిన ఉత్తర్వు తర్వాత లైసెన్సు లేని మిల్లుల మీద దేశమంత కట్టడి వచ్చింది. 2002ల కొత్త మిల్లు పెట్టాలన్నా కోర్టు పెట్టిన కేంద్ర కమిటీ ఒప్పుకోవాలె అన్నరు. అడవి కోసం అది మంచిదే, నేను వద్దంటలేను. కట్టె యాడికెంచి వచ్చింది, ఎంత వచ్చింది, పర్మిట్ నంబర్ ఎంత, మొద్దు మీద సుత్తె ముద్ర ఉన్నదా లేదా, అన్నీ అటవీ శాఖ చూస్తది. రిజిస్టర్ తప్పితే మిల్లుకు తాళం పడతది. అంటే మొద్దుకు పుట్టుక కాయిదం ఉన్నది, ప్రయాణం కాయిదం ఉన్నది, చేరిన కాయిదం ఉన్నది. ఆ మొద్దును ఎత్తే మనిషికి హాజరు కాయిదం కూడా ఉండది.

ఎందుకుండదంటే, 1948 ఫ్యాక్టరీ చట్టం కరెంటుతోని నడిచే జాగల పదిమంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది. మా మిల్లుల ఏడెనిమిది మందిమి. పుస్తకంల అయితే ముగ్గురమే. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమలుల వెట్టింది. కొత్త కోడ్‌ల ఫ్యాక్టరీ అంటే కరెంటు ఉన్న కాడ 20 మంది, లేని కాడ 40 మంది. మాలాంటి ఎనిమిది మంది మిల్లు పాత చట్టం కింద బయటనే ఉండె, ఇప్పుడు కూడా బయటనే ఉన్నది, ఆ లెక్కన మాకు కొత్తగ పోయింది ఏం లేదని నిజాయితీగ ఒప్పుకోవాలె. పోయింది పదిహేను, పద్దెనిమిది మంది ఉన్న మిల్లోల్లకు. నిన్నటి దాకా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గేటు కాడికి వస్తడేమో అన్న భయమన్నా ఓనర్‌కు ఉండె.

గని అదే కోడ్‌లల్ల ఒక సందు కూడా ఉన్నది. సామాజిక భద్రత కోడ్‌ల, పానానికి అపాయమున్న పనులని కేంద్రం నోటిఫై చేస్తే, ఒక్క కూలీ ఉన్న జాగకు కూడా ఈఎస్ఐ వర్తిస్తదని రాసి ఉన్నది. చేత్తోని మొద్దులెత్తే సామిల్లు దానికంటే పెద్ద అపాయం పని ఇంకేమున్నది? సామిల్లును ఆ పట్టీల చేర్చమని అడుగుడు మొదటి పని. రెండోది ఇంకా అల్కది. అటవీ శాఖ ఎట్లాగు లైసెన్సు రెన్యువల్‌కు మిల్లు చూడనీకి వస్తది. కొత్త ఆఫీసు వద్దు, కొత్త ఉద్యోగం వద్దు. రెన్యువల్ ఫారంల నాలుగు లైన్లు చేర్చుండ్రి. చైన్ పుల్లీ ఉన్నదా, ట్రాలీకి ఆపులున్నయా, రంపానికి, బెల్టుకు కంచె ఉన్నదా, పనోల్ల పేర్ల రిజిస్టర్ ఉన్నదా. "అది మా పని కాదు, లేబర్ శాఖది" అంటరు, నాకు తెలుసు. లేబర్ శాఖోల్లు "అంత చిన్న మిల్లు మా కింద రాదు" అంటరు, అది కూడా ఇన్న. రెండు ఆఫీసుల నడుమ మొద్దు దొర్లుతనే ఉన్నది.

ఓనర్లను నేను రాక్షసులంటలేను. చిన్న మిల్లోనికి కూడా కరెంటు బిల్లు, కట్టె ధర, రెడీమేడ్ తలుపుల పోటీ ఉన్నది. గని కూలి లెక్క ఎట్లున్నదో చూడుండ్రి. దించే హమాలీకి లోడ్ లెక్కన, కోతకు సీఎఫ్‌టీ లెక్కన. ఎంత జల్ది అయితే అంత కూలి. మోకులు కట్టుటానికి పది నిమిషాలు పడతది, ఆ పది నిమిషాలకు పైసలెవ్వరియ్యరు. అప్పుడు కూలోడే "మోకు ఎందుకు, నూకుండ్రి" అంటడు. తర్వాత కాలు పోయినంక "వాని తప్పే" అంటరు. ఇప్పుడు బీహార్, ఒడిశా నుంచి వచ్చిన పోరగాండ్లు చానా మిల్లులల్ల ఉన్నరు. వాండ్లకు "ఆగు" అనే మాట మన భాషల సమజ్ కాకపోతే ఏమైతదో ఆలోచించుండ్రి. మొదటి రోజే ఆ ఒక్క మాట వాండ్ల భాషల మీరు నేర్చుకోండ్రి, మన భాషల వాండ్లకు నేర్పుండ్రి.

కాక సంగతికి వస్త. దవాఖానకు తీస్కపోయిన్రు. పాదం తీసేసిన్రు. బిల్లు ఓనరే కట్టిండు, పైన ఇరువై వేలు ఇచ్చిండు, ఊరంత మంచోడు అన్నది. నెలలు గడిచినంక దవాఖాన చీటీ నా చేతికి వచ్చింది. దాని మీద "ఇంట్లో జారిపడుట వలన" అని ఉన్నది. ఎవరు చెప్పి రాయించిన్రో అడిగితే ఎవ్వరూ చెప్పలే. ఆ ఒక్క లైన్‌తోని మిల్లుకు, ఆ కాలుకు సంబంధం తెగిపోయింది. చట్టం సదువుడు నేను ఆ చీటీతోనే మొదలువెట్టిన. సదివినంక తెలిసింది, 1923 నుంచే పరిహారం చట్టం ఉన్నదని.

ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌ల కలిసింది. పాత చట్టం లెక్కనే చెప్త. ముప్పై ఏండ్ల మనిషి, నెలకు 15 వేల జీతం, పనిల పానం పోతే ఆయన ఇంటోల్లకు రావాల్సింది 15,59,850 రూపాయలు. అవయవం పోతే దానికొక శాతం రాసి ఉంటది, ఒక్క బొటనవేలుకే 30 శాతం. మిల్లుల పదిమంది ఉన్నరా, ఇద్దరున్నరా అన్నది దీనికి అడ్డం కాదు. "వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అంటే కూడా చెల్లది, పని ఎవరి యాపారందో వాండ్లే మొదలు కట్టాలె. మందు తాగి ఉన్నడని ఎగ్గొట్టజూస్తరు. తాగి మొద్దు ముట్టుడు తప్పే, నేను ఎనకేసుకురాను. అయినా మనిషి చచ్చిపోతే, లేదా పూర్తిగ పనికి రాకుంటయితే ఆ సాకు చట్టంల నడువది. దావా రెండేండ్ల లోపల ఎయ్యాలె.

అందుకే దెబ్బ తాకిన దినమే దవాఖానల "ఫలానా మిల్లుల పని చేస్తుండంగ మొద్దు పడి" అని రాయించుండ్రి, ఎం.ఎల్.సి. చేయించుండ్రి, చీటీ ఫోటో తీసి పెట్టుకోండ్రి. రీల్ తీసే ఫోన్‌తోనే మిల్లు జాగ, మొద్దు, ట్రాలీ కూడా ఫోటో తియ్యుండ్రి. కూలి ఫోన్‌పేల తీసుకోండ్రి, అది హాజరు రిజిస్టర్ లెక్క పనికొస్తది. బ్యాంకుల ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా ఉన్నది. ప్రమాదంల పానం పోతే రెండు లక్షలు, ఒక కాలో చెయ్యో పోతే లక్ష. అది ఓనర్ ఇచ్చే పరిహారానికి బదులు కాదు, దానికి తోడు. ఇరువై రూపాయలు, తమ్మీ. చాయ్ బిస్కెట్ పైసలు.

పోయిన నెల కాకను కలిసిన. ఇప్పుడు ఇంటి ముందట చిన్న దుకాణం పెట్టుకున్నడు. 36 గుణకారం చెప్తే జర సేపు ఇన్నడు. "గట్లయితే ఆ దినం మొద్దు ఎంతుండె, కట్టు" అన్నడు. కొలత ఆయనకు ఇంకా యాదికున్నది, టేపు పట్టింది ఆయననే. చుట్టు ఏడడుగులు, పొడుగు తొమ్మిది. బిస్కెట్ అట్టముక్క మీద కట్టిన. ఇరువై ఒక్కటి, నాలుగు వందల నలభై ఒకటి, ఇరువై ఏడున్నర సీఎఫ్‌టీ.

"తొమ్మిది వందల తొంభై కిలోలు కాకా. పచ్చి చింత, ఇంకా ఎక్కువే ఉంటది."

"కింద ముగ్గురమే ఉంటిమి" అన్నడు.